స్టాపు లేని స్టేడియం

మా డ్రిల్లు సార్ పోయినారని నాకు చెప్పింది మా డ్రైవరన్న. పెనుకొండ బస్టాండులో బండి ఆపి టీకి దిగినవాడు, గ్లాసు చేత్తో పట్టుకుని అట్లే వెనక్కి వచ్చి నా కిటికీ కింద నిలబడ్డాడు. "ధర్మవరం డ్రిల్లు సారు పొద్దున పోయినాడంటమ్మా. నీకు ఆట నేర్పింది ఆయనే కదా?" అన్నాడు. ఔనని తలూపినాను. ఏడుపు రాలేదు. హిందూపురం చేరేదాకా నిలబడి టిక్కెట్లు కొడుతూనే ఉన్నాను.

నేను ధర్మవరం, హిందూపురం మధ్య తిరిగే బస్సులో కండక్టరును. ఒకప్పుడు ఖోఖో ఆడేదాన్ని. ఆ రెండు మాటలకూ మధ్య ఉన్న మనిషి ఆయన. ఆయన మంచితనం రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆయన మీద నాకున్న కోపం రాయకుండా ఒట్టి మంచితనం రాస్తే అది అబద్ధమవుతుంది.

మాది పెనుకొండ. నాయనకు సైకిలు షాపు ఉండేది. మండలం ఆటల్లో నేను పరుగెత్తడం చూసి, ఆ సార్ మరుసటి ఆదివారమే మా షాపు వెతుక్కుంటూ వచ్చినారు. నాయన పంక్చరు వేస్తూనే తల ఎత్తకుండా అన్నాడు:

"ఆడపిల్లను ఆట కోసమని ధర్మవరం దాకా పంపేదెట్ల సార్?"

"ఈడ రైలెక్కుతాది, ఆడ దిగుతాది. దిగితే గ్రౌండే. సాయంత్రం రైలుకు నేనే ఎక్కిస్తా. పాప ఇంటికి రాని రోజు నా గొంతు పట్టుకో అప్పా."

నాయన అప్పుడు తల ఎత్తినాడు.

నిజంగానే దిగితే గ్రౌండే. మా గ్రౌండు ధర్మవరం రైల్వే స్టేషనుకూ బస్టాండుకూ మధ్యలో ఉండేది. చుట్టూ కూలిపోయిన గోడ, లోపల ఎర్రమట్టి, రెండు వేపచెట్లు, అంతే. గడ్డి లేదు, గ్యాలరీ లేదు. రైలు కూత వినపడుతుంది, బస్సు హారను వినపడుతుంది. సార్ చొక్కా జేబులో విజిలుతో పాటు రైళ్ళ టైములు రాసుకున్న కాగితం మడత పెట్టి ఉండేది. బత్తలపల్లి నుంచి వచ్చే ఇద్దరు పిల్లలు బస్సు దిగేదాకా ప్రాక్టీసు మొదలుపెట్టేవారు కాదు. పెనుకొండ పాసింజరు వేళకు, ఆట ఎంత జోరుగా ఉన్నా విజిలు ఊదేసేవారు. మమ్మల్ని ముందు నడిపించి, తాను నాలుగడుగులు వెనక వస్తూ స్టేషను దాకా వచ్చి, రైలు కదిలినాక చెయ్యి ఊపి పోయేవారు. పొట్లంలో బొరుగులు తెచ్చి, ఎవరు బాగా ఆడితే వాళ్ళకు కాకుండా, ఎవరు ఆ రోజు ఓడిపోతే వాళ్ళకు ముందు పెట్టేవారు.

మా జట్టులో సగం మంది మగ్గాల ఇళ్ళ పిల్లలు. బడి వదిలినాక ఇంటికి పోయి, అమ్మకు మగ్గం కండెలకు పట్టుదారం చుట్టిచ్చి, ఒక గంట గ్రౌండుకు వచ్చి, మళ్ళీ పోయి పనిలో కూర్చోవాల. సార్ వాళ్ళను ఆలస్యమైందని ఒక్కనాడూ తిట్టలేదు. "గంట ఖాళీ ఉండే పిల్ల గంటసేపూ ఆడల్ల. దారిలోనే ఆ గంట పోతే ఇంక ఆడేదెప్పుడు?" అనేవారు. ఆ మాట అప్పుడు నాకు మామూలు మాటే అనిపించింది.

నాకు పెళ్ళయి, ఆటల కోటాలో ఈ ఉద్యోగం వచ్చి, హిందూపురంలో కాపురం పెట్టినాక కూడా వారంలో సెలవు రోజు వస్తే గ్రౌండుకు పోయేదాన్ని. ధర్మవరంలోనే ఉండే మా అక్క కూతురు అప్పటికి అక్కడే ఆడుతోంది. నాకంటే వేగం దానికి. పోలు దగ్గర అది తిరిగే తిరుగుడు చూసి సార్ నా భుజం తట్టి, "నువ్వు రాష్ట్రం పోటీల దాకా పోయినావు. ఇది ఆడ ఆగదు చూడు పాపా," అన్నారు.

అప్పుడు వచ్చింది పెద్ద స్టేడియం మాట. మొదట అందరం సంతోషపడినాం. తర్వాత తెలిసింది, అది కట్టేది ఊరి బయట, పొలాలు దాటి పెద్దరోడ్డు పక్కనని. మా గ్రౌండు జాగాలో అంగళ్ళు కడతారని.

సార్ అర్జీ రాసి, మమ్మల్ని వెంటేసుకుని సంతకాలకు తిరిగినారు. పట్టుచీరల అంగడాయన నవ్వినాడు. "ఏం సారూ, ఊరికి అంత పెద్ద స్టేడియం వస్తాంటే నువ్వు వద్దంటావేమి?"

"వద్దనలేదప్పా. ఊర్లో కట్టమంటాండా. ఆడ కడితే కార్లుండేవాళ్ళు పోతారు. నీ మగ్గం మీద కూర్చునే ఆయమ్మ కూతురు ఎట్ల పోతాది? బస్సు ఆగదు, రైలు పోదు. ఆటస్థలం పిల్ల ఒక్కతే నడిచిపోయేంత దగ్గర ఉండల్ల."

ఆయన నవ్వు ఆపి సంతకం పెట్టినాడు. ఆ వీధిలో చాలామంది పెట్టినారు. ఆ కాగితాలు నా చేతి సంచిలోనే ఉండేవి. గెలుస్తామనే అనుకున్నాను.

ఊరి పెద్దలు మీటింగు పెట్టిన రోజు నేను డ్యూటీ మార్పించుకుని పోయినాను. షామియానా కింద ముందు వరసలో మా పిల్లలంతా కూర్చున్నారు. సార్ పేరు పిలిచినారు. ఆయన మైకు ముందుకు పోయి, "కొత్త స్థలం మంచిదే. పిల్లల భవిష్యత్తుకు ఇదే సరి," అని రెండు ముక్కలు చెప్పి, వాళ్ళు ముందుకు తోసిన కాగితం మీద సంతకం చేసి కూర్చున్నారు. చప్పట్లు కొట్టినారు. మా వరసలో ఒక్కరూ కొట్టలేదు. ఆయన మా వైపు చూడలేదు.

బయటికి వచ్చి ఆయన చెప్పులు వేసుకుంటుంటే అడ్డంగా నిలబడినాను.

"ఏంది సార్ ఇది?"

"పెద్దది కట్టుకుంటాం, పాతదాన్ని పిల్లలకే వదిలేస్తామన్నారు పాపా. రెండూ ఉంటాయి. మాటిచ్చినారు."

"కాగితం యాడుంది సార్?"

ఆయన చెప్పులోకి వేలు ఎక్కక అవస్థ పడుతూ ఉండిపోయినారు. నా సంచిలో సంతకాల కట్ట తీసి ఆయన చేతిలో పెట్టి వచ్చేసినాను.

కొన్ని నెలలకే గ్రౌండు చుట్టూ రేకులు లేచినాయి. వేపచెట్లు పోయినాయి, పిల్లర్లు వచ్చినాయి. కొత్త స్టేడియం కూడా లేచింది, బ్రహ్మాండంగా. మగ్గాల పిల్లల గంట అక్కడికి పోయే దారికే చాలదు. బత్తలపల్లి పిల్లలు బస్టాండులో దిగి అక్కడినుంచి ఎట్లా పోవాలో తెలీక రావడం మానేసినారు. మా అక్క కూతురు నెల రోజులు షేరాటోల్లో పోయింది. ఒక సాయంత్రం బండి దొరకక చీకటి పడేదాకా రోడ్డు మీద నిలబడింది. అంతే, మా బావ బూట్లు ఎత్తి అటక మీద పెట్టేసినాడు. ఇప్పుడది కండెలు చుట్టుకుంటూ ఇంట్లోనే ఉండాది. ఆట గురించి నేను దాన్ని అడగను, అది చెప్పదు.

తర్వాత సార్ అప్పుడప్పుడూ నా బస్సు ఎక్కేవారు. రిటైరైనారు, వెంట్రుకలన్నీ తెల్లబడినాయి. "బాగుండావా పాపా?" అనేవారు. నేను "ఎక్కడికి?" అనేదాన్ని, తెలియని ప్రయాణికుణ్ణి అడిగినట్లు. స్టేడియం క్రాసు దగ్గర దించమనేవారు. అక్కడ స్టాపు లేదు. డ్రైవరన్న మంచోడు, పెద్దాయన కదా అని ఆపేవాడు. సార్ దిగి ఆ ఎండలో లోపలికి నడిచి పోతుంటే, 'కట్టించుకున్న స్టేడియం చూసుకోను పోతాండాడు' అని లోపల్లోపల అనుకునేదాన్ని. ఏదో పదవి ఇచ్చింటారు అనుకున్నాను.

ఆయన చివరిసారి ఎక్కింది ఈ ఎండాకాలంలోనే. క్రాసు దగ్గరపడింది. డ్రైవరన్న వేగం తగ్గించబోతే నేను రైట్ అని గట్టిగా అరిచినాను.

"పాపా, ఈడ దిగల్ల," అన్నారు.

"ఈడ బస్సు ఆగదు సార్. మీరే చెప్పినారు కదా."

బస్సులో ఎవరికీ అర్థం కాలేదు. ఆయనకు అర్థమైంది. "ఔను, నేనే చెప్పినా," అన్నారు. తర్వాతి స్టేజీలో దిగి, తువ్వాలు తల మీద వేసుకుని వెనక్కి నడిచినారు.

సార్ పోయిన మరుసటి రోజు వాళ్ళింటికి పోయినాను. సార్ భార్యను మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్ళం. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీ మాటే చెప్పేవాడమ్మా. 'కాగితం యాడుంది సార్ అని అడిగింది, నాకెందుకు తోచలేదే' అని. మాటిచ్చినోళ్ళ ఇండ్లకు ఎన్నిసార్లు తిరిగినాడో. లోపలుండి లేరని చెప్పించినారు."

"పదవి ఏమన్నా ఇచ్చినారామ్మా?"

"ఏం పదవి? ఆ స్టేడియం పక్క పల్లెలో ముగ్గురు ఆడపిల్లలు ఉండారంట. వాళ్ళకన్నా నేర్పుదామని పోయేవాడు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా. నా బస్సే కదా ఎక్కేది."

"సిగ్గమ్మా. నీ ముందర సిగ్గుపడేవాడు."

ఆ ఎండ రోజు సంగతి సార్ ఆమెకు చెప్పినారో లేదో. నేను మాత్రం చెప్పలేదు.

ఆయన్ను వాళ్ళు మోసం చేసినారు. ఆయన మా అందరి నమ్మకాన్నీ కాగితం లేని ఒక మాటకు ఇచ్చేసినారు. ఆ తప్పు నా ముందు ఒప్పుకోకుండానే పోయినారు. నేను మన్నించినానా అంటే తెలియదు. నన్ను మన్నించమని అడిగేందుకు ఇప్పుడాయన లేరు. నేను ఈ రోజు నా కాళ్ళ మీద నిలబడి బతుకుతున్నానంటే, ఆ రోజు సైకిలు షాపు ముందు ఆయన నిలబడినందుకే. ఇవన్నీ నిజమే, ఒకదాన్ని ఇంకొకటి చెరపలేదు.

మొన్న సెలవు రోజు ధర్మవరం నుంచి క్రాసు దాకా షేరాటోలో పోయి, మొదటిసారి ఆ స్టేడియం లోపలికి నడిచినాను. వేలమంది కూర్చునే మెట్లు ఖాళీగా ఉన్నాయి. ఒక మూల సున్నంతో గీసిన ఖోఖో కోర్టు, అందులో ముగ్గురు పిల్లలు. సార్ లేకపోయినా వచ్చినారు. నన్ను చూసి ఆగినారు. నేర్పుతానని నేనింకా నోరు తెరవలేదు, పెద్దపిల్ల సూర్యుడి వైపు చూసి, "పొద్దు పోతాండాది అక్కా, మేము పోవల్ల," అనింది.

వాళ్ళ వెనకాలే రోడ్డు దాకా వచ్చినాను. ముగ్గురూ తెల్లగీత అవతల ఒకరి వెనక ఒకరు నడిచిపోతున్నారు. లారీ పోయినప్పుడల్లా ఆ గాలికి ఒక పక్కకు ఒరిగి, చున్నీలు పట్టుకుని, మళ్ళీ నడుస్తున్నారు. మా డిపో బస్సు ఒకటి వచ్చింది. నేను చెయ్యి ఎత్తినాను. అది ఆగలేదు. పిల్లలు దాని వైపు తిరిగి కూడా చూడలేదు.