కొయ్య ముఖానికి మరమ్మతు

మా వడ్రంగి మేస్త్రీ గారు పోయారని మొన్న వాళ్ళమ్మాయి ఫోను చేసి చెప్పింది. గుండెలో నొప్పన్నారట, ఆసుపత్రి దాకా కూడా వెళ్ళలేదట. "మీ నంబరు నాన్న గోడమీద రాసుకున్నారండీ" అంది. కువైట్ నుంచి తిరిగొచ్చిన మాకు ఈ మధ్య ఇలాంటి ఫోన్లే ఎక్కువ. ఏడవడానికీ ఓపిక ఉండటం లేదు. ఆయన గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకుంటే మేలనిపించింది.

ఆయనది కోనసీమ, నాది రాయచోటి. అప్పట్లో నేను కువైట్‌లోని సల్వాలో ఒక ఇంటి డ్రైవర్ని. ఆయన జహ్రాలో చిన్న దుకాణంలో వడ్రంగి. నాకు వీసా ఇచ్చిన యజమానిని అక్కడ కఫీల్ అంటారు, మేం బాబా అని పిలిచేవాళ్ళం; ఆ ఇంటి తలుపులూ బీరువాలూ మేస్త్రీ గారే చేసేవారు. పని చేస్తున్నంతసేపూ పెన్సిలు పళ్ళ మధ్య ఉండేది, అందుకని సగం మాటలు అర్థమయ్యేవి కావు. అర్థమైన వాటిలో ఒకటి: "సెక్కకి తొందరుండదు భాయ్. తొందరంతా మనకే."

రెండువేల నాలుగో, ఐదో. మా కఫీల్ ఒకప్పుడు పడమటి ఆఫ్రికాలో ఉద్యోగం చేశాడు. అక్కణ్ణుంచి తెచ్చుకున్న కొయ్య ముఖం, మాస్కు లాంటిది, ఒకటి ఇచ్చి బాగు చేయించుకు రమ్మన్నాడు. అడవిదున్న తల; నలుపు, తెలుపు, ఎరుపు గళ్ళు. కొమ్ము చీలింది, లోపల పురుగు పట్టింది. మర్నాడు ఇంటికి చుట్టాలొస్తారు, ఆలోగా గోడకి తగిలించాలన్నాడు.

పక్కింటి కాపలాదారుదీ పడమటి ఆఫ్రికానే, బుర్కినా ఫాసో మనిషి. కారులో దాన్ని చూసి ఆగిపోయాడు. నాతో వస్తానన్నాడు. వాళ్ళ నాన్న పోయి ఐదు రోజులైందని దారిలో చెప్పాడు. సెలవివ్వలేదట.

దుకాణంలో అతను అరబీలో చెబుతుంటే నేను మేస్త్రీ గారికి తెలుగులో చెప్పాను. పెద్దవాళ్ళు పోతే వాళ్ళ ఊళ్ళో ఇలాంటివి తొడుక్కుని, ఒళ్ళంతా నార కప్పుకుని ఆడతారట. ఎవరు తొడుక్కున్నారో బయటికి చెప్పరట, దున్న వచ్చిందనే అంటారట. అది వచ్చి సాగనంపితేనే పోయినవాడు పెద్దల్లో కలుస్తాడట.

"పురుగు పడితే ఆళ్ళేం జేత్తారో అడుగు" అన్నారు మేస్త్రీ గారు.

"నీళ్ళల్లో నానబెడతారంట. మళ్ళా రంగులేసుకుంటారంట."

"మేవూ తాటి దూలాలు కాలవలో నానేత్తాం" అన్నారాయన, ఆశ్చర్యంగా. కొమ్ము చీలిక తడుముతూ, "ఆళ్ళ నాన్నకి ఆట ఎప్పుడంట?" అని అడిగారు.

అడిగాను. వాళ్ళ ఊళ్ళో ఆ పూటే జరుగుతోందట.

మేస్త్రీ గారు లేచి రంపం మిషను ఆపేశారు. షట్టరు సగం దించారు. ముఖాన్ని బల్లమీద నిలబెట్టి, తొడుక్కుంటాడేమో అడగమన్నారు. అతను తల అడ్డంగా ఊపాడు. ఊళ్ళో పెద్దలు నేర్పి ఒప్పుకుంటే తప్ప తొడుక్కోకూడదట. పైగా ఇది వాళ్ళ ఊరిది కాదట. అయినా దాని ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"బాబాకి రేపటికి కావల్లంట మేస్త్రీ గారూ" అన్నాను మెల్లగా.

"తిడతాడు. తిట్టనీ" అన్నారు. తర్వాత నావైపు చూడకుండా, "మా నాన్న పోయిన్రోజున నేనిక్కడ తలుపులకి బందులు బిగిత్తన్నాను. మిషనెవరూ ఆపలేదు" అన్నారు.

మిషను ఆ రోజంతా ఆగింది; జిగురు ఆరి, పురుగు పోయేసరికి ముఖం మూడు రోజులు ఆలస్యంగా ఇంటికి చేరింది. మా కఫీల్ నన్ను తిట్టాడు. ఇంటి పనులు వేరే దుకాణానికి ఇచ్చేశాడు. మేస్త్రీ గారు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మిషను ఆపిన ఆ సాయంత్రం కాపలాదారు లేచి బయటికి వెళ్ళాక, నేలమీద రంపంపొట్టులో రెండు మోకాళ్ళ గుర్తులు మిగిలాయి. మేస్త్రీ గారు వాటిని తొక్కకుండా గోడవారగా నడిచి, బల్ల దగ్గరికెళ్ళి, చీలిన కొమ్ముకి జిగురు రాయడం మొదలుపెట్టారు.