ఉస్తాద్ లెక్కలో లేని గెలుపు

పోయిన శుక్రవారం పొద్దున బెల్లంపల్లి నుంచి అవ్వ ఫోన్ చేసింది. “ఉస్తాద్ పోయిండు బిడ్డా. నిద్రలనే పోయిండట.” ఆదిలాబాద్‌లో నేను బడికి బయలుదేరుతున్నాను. బడికి సెలవు చెప్పి బెల్లంపల్లి బస్సెక్కాను.

ఆయన మా పక్కింటాయన, నాకు బాక్సింగ్ నేర్పిన గురువు. నేనివాళ పిల్లలకు ఆటలు నేర్పే టీచరునయ్యానంటే ఆయన చలవే. బొగ్గుబాయిలో పని చేస్తూ, సెలవు పెట్టి ఊరూరా టికెట్ పోటీల్లో ఆడిన ప్రొఫెషనల్ బాక్సర్. పదకొండు గెలుపులు, ఆరు ఓటములు, ఒకటి సమానం. ఇది ఊరి లెక్క. ఆయన్నడిగితే, “పది గెలిచిన. ఆరు ఓడిన. ఒకటి బరాబర్” అనేవారు. ఇంకోటేమైందని నేను తగులుకుంటే, “గా గెలుపు నాది కాదు” అని నా చేతికి గుడ్డ చుట్టేవారు. ఆ రోజు కాస్త ఎక్కువే బిగిసేది.

మామూలుగా సరదా మనిషే. నా చేతులు కిందికి జారితే, “ముక్కు ఇంటికాడ పెట్టొచ్చినవా?” అనేవారు. ఒక్క విషయంలో మాత్రం నవ్వేవారు కాదు. ఆట అయ్యాక తలపడిన ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, “పొద్దుగాల ఏం తిన్నవ్?” అని అడిగేవారు. జవాబు తడబడితే ఇంటిదాకా వెంట వచ్చేవారు. ఒకసారి ఉప్మా తిని అటుకులన్నందుకు చీకటి పడేదాకా మా అరుగు మీదే కూర్చుని, మాటిమాటికీ నన్ను బయటికి పిలిచారు. అవ్వకు విసుగొచ్చింది. “పిల్ల మంచిగనే ఉన్నది. నువ్వే పరేషాన్ అయితున్నవ్. ఇంటికి పో ఉస్తాద్.” ఆయన కదల్లేదు.

ఆ పదకొండోదాని సంగతి ఆయన భార్య, మేమంతా చాచీ అనే ఆవిడ, చాలా ఏళ్ళకు చెప్పింది. నాగపూర్‌లో జరిగిన పోటీ అది. ఓడినతను తన కాళ్ళ మీదే నడిచి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, నవ్వాడు కూడా. డ్యూటీకి అందాలని ఉస్తాద్ రైలెక్కేశారు. ఊళ్ళో దిగాక కబురొచ్చింది, తలకు తగిలిన దెబ్బతో అతను పడుకున్నవాడు మళ్ళీ లేవలేదని.

“బాయిలకు తీస్కపోయిన దీపం తిరిగి జమ చెయ్యకుంటె మనిషి ఇంక లోపల్నే ఉన్నట్టు. ‘గాయన దీపం జమ కాలే’ అనేటోడు బిడ్డా. నిద్రల లేచి కూసుండి గిదే మాట,” అంది చాచీ.

నేను చేరేసరికి శిష్యులు చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టేశారు. రింగులో రెఫరీ ఉస్తాద్ చెయ్యి పైకెత్తి పట్టుకున్న పాత ఫోటో, కింద ఎర్రటి అంకెల్లో 11 గెలుపులు. ఉస్తాద్‌ను మోసుకెళ్ళే జనాజా ఆ దారినే ఖబరస్తాన్‌కు పోవాలి. చాచీ నా చెయ్యి పట్టుకుంది. “గా గెలుపు ఆయన మీద పెట్టి పంపకుండ్రి బిడ్డా.” పిల్లలకు సంగతి తెలియదు, పాపం. అడగ్గానే నిచ్చెన వేసి, రెండో ఒకటి మీద తెల్ల కాగితం అంటించి సున్నా రాశారు. జిగురు ఆరకముందే జనాజా వచ్చేసింది.

భుజాలు మార్చుకోవడానికి మోసేవాళ్ళు సరిగ్గా ఫ్లెక్సీ కిందే ఆగారు. అప్పుడు చూశాను. ఫోటోలో ఉస్తాద్ వెనకాల, మసకమసకగా, స్టూలు మీద ఒక మనిషి. చేతిలో నీళ్ళ గ్లాసు. మావైపే చూసి నవ్వుతున్నాడు.

జనాజా కదిలిపోయింది. నాకు దుఃఖం ఆగలేదు. అక్కడే నిలబడి, తల పైకెత్తి ఆ స్టూలు మీది మనిషిని అడిగాను.

“పొద్దుగాల ఏం తిన్నవే అన్నా?”