ఎర్ర రైలు ముందు నిమ్మకాయలు

మొన్న ఇక్కడ నార్త్ యార్క్‌లో నేలకింద నడిచే సబ్‌వే రైలు కోసం నిలబడి ఉంటే ఎదురుగోడ మీద కొత్త పోస్టరు కనిపించింది. పాతకాలపు ఎర్ర రైలు బొమ్మ, దాని కింద ఒక ఆదివారం మళ్లీ జనాన్ని ఎక్కించుకుని తిరుగుతుందన్న కబురు. పక్కవాళ్లు ముచ్చటపడి ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం మొదట వచ్చిన ఆలోచన, ‘ఇప్పుడెందుకు?’ హైదరాబాద్‌లో పత్రికాఫీసులో పనిచేసిన రోజుల నుంచి అంటుకున్న జబ్బు ఇది. “వీడి చేతికి పెళ్లి శుభలేఖ ఇచ్చినా వెనక్కి తిప్పి చూస్తాడు” అంటుంది మా అక్కయ్య. చూస్తాను మరి. అసలు సంగతి వెనకవైపు ఉండటం చాలాసార్లు చూసినవాణ్ని.

ఆ రైలంటే నాకు మా బావగారే గుర్తొస్తారు, అక్కయ్య భర్త. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయనకు దొరికిన మొదటి మంచి ఉద్యోగం సబ్‌వే యార్డులో బ్రేకులు బాగుచేయడం. అప్పటికి ఎర్ర రైళ్లు ఇంకా తిరుగుతుండేవి. రిటైరయ్యాక తనలాంటి కొందరితో కలిసి, మిగిలిన ఒక్క ఎర్ర రైలును అప్పుడప్పుడూ ఆదివారాలు నడిపించే పనిలో పడ్డారు. వినడానికి సరదాగా ఉంటుంది గానీ అదో పెద్ద తంటా. విడిభాగాలు ఎక్కడా దొరకవు, పాడైన ముక్కను యార్డులోనే తయారుచేసుకోవాలి. తలుపులు మూసేముందు గార్డు కిటికీలోంచి తల బయటపెట్టి ప్లాట్‌ఫారం అంతా చూసుకోవాలి. ఆ పని తెలిసినవాళ్లందరూ ముసలివాళ్లయిపోయారు. కొత్త సిగ్నళ్లు రైల్లోని కంప్యూటరుతో మాట్లాడతాయి, దీనికేమో కంప్యూటరే లేదు. అందుకని మామూలు రైళ్లు ఆపినప్పుడే దీన్ని బయటికి తీయాలి. “ఇంత యాతన దేనికి బావగారూ, మ్యూజియంలో పెట్టేస్తే పోలా?” అన్నానొకసారి. “నిలబెడితే అది రేకు డబ్బా. బ్రేకు పట్టినప్పుడు ఒక చప్పుడు చేస్తుంది చూడు, అదోయ్ రైలంటే” అన్నారు.

ప్రతిసారీ బతిమాలించుకునే పైవాళ్లు ఒక ఏడాది అడగ్గానే సరే అన్నారు. బావగారు పొంగిపోయారు, నాకు అనుమానం మొదలైంది. పైగా రైలు తిరిగే ముందురోజు పాతవాళ్లందరినీ పిలిచి జ్ఞాపికలు చేతిలో పెట్టి, వరసగా నిలబెట్టి ఫొటో తీశారు. మన దగ్గర పిలిచి శాలువా కప్పుతున్నారంటే ఆ మనిషిని కుర్చీలోంచి లేపుతున్నారన్నమాట. అలాంటి సభల వార్తలు బోలెడు రాశాను. ఆ మాటే బావగారితో అంటే, “నీ నోరు మంచిది కాదోయ్ పేపరోడా” అని విసుక్కున్నారు.

విసుక్కున్నా, లోపల దిగులు పట్టుకున్నట్టుంది. ఆదివారం పొద్దున నాకూ ఒక నారింజరంగు సేఫ్టీ వెస్టు తొడిగించి యార్డుకు తీసుకెళ్లారు. పట్టాలకు కరెంటు ఆపారని తెలుసుకుని, బ్రేకులు చూసొస్తానని కిందికి దిగారు. ఆయన పైకి వచ్చాక సూపర్‌వైజరు టార్చిలైటుతో అటు వెళ్లాడు. నవ్వడం అలవాటు లేని మనిషి. ఏదో ఒక తప్పు పట్టి రైలు ఆపడానికే వచ్చాడని పొద్దుట్నుంచీ నా నమ్మకం. అతని టార్చి ఒకచోట ఆగింది. ముందు చక్రాల దగ్గర, పట్టాల మీద, రెండు నిమ్మకాయలు.

“ఎవరు పెట్టారివి?” అన్నాడు ఇంగ్లిష్‌లో.

“నేనే” అన్నారు బావగారు. “దిష్టి తగలకుండా.”

అతనికి అర్థం కాలేదు. నేను అడ్డుపడి, “బండి తీసేముందు మావాళ్లు చేసే సేఫ్టీ చెక్ లాంటిది” అన్నాను. అతను నవ్వలేదు. పట్టాల మీద ఏ వస్తువు కనిపించినా పైకి చెప్పి తీరాలంటూ, నిమ్మకాయలను ప్లాస్టిక్ సంచిలో వేసుకుని ఫోనుతో అవతలికి నడిచాడు. అవతల స్టేషన్లో జనం ఎదురుచూస్తున్నారు. బావగారు చక్రాల వంకే చూస్తూ నిలబడిపోయారు. చాలాసేపటికి ఆ మనిషి తిరిగొచ్చి, కానివ్వండన్నట్టు చెయ్యి ఊపాడు.

రైలు కదిలింది. తెరిచిన కిటికీల్లోంచి సొరంగం గాలి, కాలిన ఇనుము వాసన, మెత్తటి సీట్లు, పచ్చటి బల్బులు. ఎవరో పెద్దావిడ సీటు నిమురుతూ, పెళ్లికి ముందు మా ఆయనా నేనూ ఈ రైల్లోనే కలుసుకునేవాళ్లం అని అందరికీ చెబుతోంది. బావగారు మాత్రం స్టేషను వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని బ్రేకు చప్పుడు విన్నారు.

కొన్నాళ్లకే ఈ ప్రయాణాలు ఇక ఉండవన్నారు. భాగాలు దొరకవు, సిగ్నళ్లు కుదరవు, మనుషుల్లేరు. నిమ్మకాయల మాట ఎవరూ ఎత్తలేదు. అదే బావగారిని తినేసింది. “ఎత్తలేదంటే అదే కారణమోయ్. నా చేతులారా నేనే ఆపుకున్నాను” అనేవారు, కలిపిన ముద్ద కంచంలోనే ఉంచి. అక్కయ్య నాకు ఫోన్ చేసి, “ఒరేయ్, లోకం మీదంతా అనుమానపడతావు కదా, కాస్త ఈయన కోసం కూడా పడరా” అంది. వెళ్లి చెప్పాను. “శాలువా ముందు, నిమ్మకాయలు తరవాత బావగారూ. మీరు నిమ్మకాయలు పెడతారని కలగని ఆ జ్ఞాపికలు చేయించారా?” దానికాయన, “ఈ ఒక్కసారికి నీ అనుమానమే నిజమైతే బావుణ్ను” అన్నారు. నమ్మారో లేదో తెలియదు. ఆ పూట అన్నం మాత్రం తిన్నారు.

మొన్న ఆ పోస్టరు ఫొటో పంపగానే ఆయన దగ్గర్నుంచి ఫోను. గొంతు బాగా సన్నబడింది. “మళ్లీ తీస్తున్నారంటే నా నిమ్మకాయల్ని క్షమించినట్టా, అప్పుడసలు పట్టించుకోనట్టా?”

“కనుక్కోమంటారా?”

“వద్దులే. నన్ను తీసుకెళ్లు చాలు. నిమ్మకాయలు జేబులోనే ఉంచుకుంటా.”

ఈ పోస్టరు వెనక ఏముందో ఆరా తీయాలని ఇప్పటికీ మనసు లాగుతూనే ఉంది. కానీ బావగారు ఇప్పుడు వాకర్ లేనిదే నాలుగడుగులు వేయలేరు. అందుకే ఆరా తరవాత, ముందు ఆయన్ని ఆ రైలెక్కిస్తాను. మనుషులు సాగనంపే ముందు శాలువా కప్పి ఆ సంగతి తెలియజేస్తారు. కాలం ఆ మాత్రం మర్యాద కూడా చేయదు.