దేవకుమార్ చెప్పుకోలేని మనవి

అమెరికాలోని నోవైలో మా తెలుగు చర్చికి వచ్చే మగవాళ్ళలో దేవకుమార్ అంత ఒద్దికైనవాడు లేడని అందరూ అంటారు. నేనూ అనేదాన్ని. ముసలివాళ్ళు మెట్లెక్కుతుంటే చెయ్యందిస్తాడు, కుర్చీలు సర్దుతాడు, పాట ఎత్తుకోమంటే సిగ్గుపడతాడు. బాపట్ల దగ్గర పుట్టాడు, ఇంజినీరింగ్ చదివాడు, ఇక్కడ కార్ల బ్రేకుల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. నలభై దాటాయి. భార్య పర్సిస్, బడికెళ్ళే కూతురు. పనంతా ఇంట్లోంచే. ఇంతవరకూ ఎవరూ వంకపెట్టడానికి లేని జీవితం.

మిగిలిన జీవితం వాళ్ళింటి బేస్‌మెంట్‌లో ఉంది. అక్కడ కూర్చుని ఆన్‌లైన్‌లో ఒక ఆట ఆడతాడు. దాని పేరు నాకు నోరు తిరగదు. పెద్ద ద్వీపం, అందులో కోటలు, అడవులు, సముద్రం, ప్రపంచం నలుమూలల నుంచీ వేలమంది జనం. ఒకసారి భోజనానికి పిలిచినప్పుడు నన్ను కిందికి తీసుకెళ్ళి మరీ చూపించాడు. కత్తి తిప్పితే కత్తివిద్య పెరుగుతుంది. గాలం వేస్తే చేపలు పట్టే విద్య పెరుగుతుంది. ఇనుము కొడితే కమ్మరం పెరుగుతుంది. ప్రతి విద్యా సున్నాలో మొదలై వంద దాకా వెళుతుంది. మా దేవకుమార్‌కి అన్నీ వందే. తొమ్మిదేళ్ళు పట్టిందట.

"వంద అయ్యాక ఇంకేం చేస్తావు బాబూ?" అని అడిగాను.

అది అడగకూడని ప్రశ్నని నాకేం తెలుసు? కాసేపు తల గోక్కున్నాడు. "అదే ఆంటీ, దాన్ని ఎండ్‌గేమ్ అంటారు. మా గేమ్‌లో అది కొంచెం వీక్" అన్నాడు.

అంటే చెయ్యడానికి ఏమీ లేదన్నమాట. మరి ఏం చేస్తాడో అప్పుడే కళ్ళారా చూశాను. ఒళ్ళంతా బంగారు కవచం తొడుక్కుని కోట గుమ్మం దగ్గర నిలబడతాడు. కదలడు, మెదలడు. కొత్తగా చేరినవాళ్ళు చింకి గుడ్డలతో, చేతిలో కర్రముక్కతో ఆ గుమ్మంలోంచే లోపలికి పోవాలి. వాళ్ళు ఆగి, నోరెళ్ళబెట్టి, "ఆ కవచం ఎలా వచ్చింది సార్?" అని ఇంగ్లీషులో టైప్ చేస్తారు. ఈయన కాసేపు జవాబివ్వడు. తర్వాత, "ఓపిక" అని ఒక్క మాట కొడతాడు. రోజూ సాయంత్రం ఇదే పని. పైన పర్సిస్ ఒక్కతే డ్రైవ్‌వేలో మంచు ఎత్తిపోస్తుంటే కింద ఈ మహానుభావుడు ఓపిక గురించి లోకానికి బోధిస్తుండేవాడు.

కిందటి జనవరిలో ఆ ఆట కంపెనీవాళ్ళు ఒక ప్రకటన చేశారు. పాతవాళ్ళకి చెయ్యడానికేమీ మిగల్లేదు, కొత్తవాళ్ళు వాళ్ళని అందుకోలేక మానేస్తున్నారు, అందుకని వసంతకాలంలో అందరి విద్యలూ సున్నాకి దింపి మళ్ళీ మొదలుపెడతాం అన్నారు. ఎవరికీ మినహాయింపు లేదు. పాతవాళ్ళ గౌరవార్థం ఈక పెట్టిన టోపీ ఒకటి ఇస్తామన్నారు.

నన్నడిగితే అందులో ఏడవాల్సిందేమీ లేదు. ఇరవై ఏళ్ళు తెనాలిలో లెక్కల టీచరుగా చేసి, ఈ దేశం వచ్చి డేకేర్‌లో పిల్లల ముక్కులు తుడుస్తున్నాను. నాకు ఎవరూ ఈక టోపీ కూడా ఇవ్వలేదు. ఈ ఊళ్ళో మాలో సగంమంది బతుకులు అలా సున్నాకి దిగి మళ్ళీ ఎక్కినవే. దేవకుమార్ మాత్రం అన్నం మానేశాడు. ఆ సంగతంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాకు కనిపించింది ఒక్కటే, మనిషి వారంలో చిక్కి సగమయ్యాడు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. బుధవారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంటాం. చివర్లో పాస్టరు గారు మనవులు అడుగుతారు. ఒకరు మోకాలి నొప్పి అంటారు, ఒకరు పిల్లాడి కాలేజీ సీటు అంటారు. బయటికి చెప్పుకోలేని కష్టం ఉన్నవాళ్ళు "చెప్పుకోలేని మనవి ఉందండి" అంటే చాలు, ఎవరూ ఆరా తీయరు. దేవుడికి తెలుసు కదా అని ఊరుకుంటారు. ఊరుకోవడం నోటివరకే. మనసులో ప్రతివాళ్ళూ ఒక కథ అల్లేసుకుంటారు.

ఆ బుధవారం ముందు జోనాథన్ లేచాడు. అమలాపురం కుర్రాడు, పెళ్ళి కాలేదు, ఇక్కడే ఎమ్మెస్ చేసి బ్రేకుల టెస్టింగ్‌లోనే పని చేసేవాడు. "నన్ను లేఆఫ్ చేశారండి. హెచ్ వన్ వీసా మీద ఉన్నాను. సిక్స్టీ డేస్‌లో ఇంకో జాబ్ దొరక్కపోతే ఇండియా వెళ్ళిపోవాలి" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. మా చర్చి పెద్ద కోటయ్య గారు అక్కడే ఉన్నారు. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో డైరెక్టరు. "మా టీమ్‌లో ఒక ఓపెనింగ్ ఉంది తమ్ముడూ, నీ రెజ్యూమె పంపు" అన్నారు. అందరం స్తోత్రం అన్నాం.

తర్వాత దేవకుమార్ లేచాడు. "చెప్పుకోలేని మనవి... ఏళ్ళ తరబడి కష్టపడి కట్టుకున్నదంతా..." అని ఆగి, జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పక్కన పర్సిస్ తల దించుకుంది.

ఇంకేముంది? ఈ రోజుల్లో ఇంజినీరు కన్నీళ్ళు పెట్టుకుంటే దానికి అర్థం ఒక్కటే కదా. ఇంటికి చేరేలోపే వాట్సాప్‌లో ఆడవాళ్ళం నిర్ణయించేశాం. దేవకుమార్ ఉద్యోగం కూడా పోయింది. పాపం, అభిమానస్థుడు, చెప్పుకోలేకపోతున్నాడు.

శుక్రవారం చర్చి అంతా ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం. షుగరున్న మనిషిని, మధ్యాహ్నం దాకా మంచినీళ్ళతో గడిపాను. సాయంత్రం గోంగూర మాంసం వండుకుని మంచులో జారుకుంటూ పట్టుకెళ్ళాను. గుమ్మంలో దేవకుమార్ నా రెండు చేతులూ పట్టుకుని, "మీ ప్రేమ ఈ జన్మకి మర్చిపోను ఆంటీ" అన్నాడు. పర్సిస్ నా కళ్ళల్లోకి చూడకుండా గిన్నె అందుకుంది. ఆ పిల్లకి నిజం తెలుసు. మొగుడు ఆట కోసం ఏడుస్తున్నాడని నలుగురిలో చెప్పడానికి నామోషీ పడింది. అర్థం చేసుకోగలను గానీ, ఇప్పటికీ ఆ పిల్ల మీద నా కోపం పూర్తిగా పోలేదు.

నెలంతా వాళ్ళింటికి వంతులవారీగా కేరేజీలు వెళ్ళాయి. ఆదివారం ఎవరో ఒకరు దేవకుమార్ భుజం తట్టి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అతను తలూపేవాడు. కాదు, నా ఉద్యోగం బాగానే ఉంది అనడానికి మహా అయితే నాలుగు మాటలు. అవి నోటి దాకా రాలేదు. ఎందుకు వస్తాయి? ఆ కోట గుమ్మంలో ఎంత నిలబడినా ఇంత ఆదరణ దొరికిందా?

ఒక ఆదివారం మధ్యాహ్నం జోనాథన్ మా ఇంట్లో అన్నం తింటూ చెప్పాడు. కోటయ్య గారు ఫోన్ చేశారట. ఉన్న ఓపెనింగ్ ఒక్కటి. పెళ్ళాం, బిడ్డ ఉన్న దేవకుమార్‌కి ముందు చూడాలి కదా, నీకు వయసుంది, ఇంకోటి దొరుకుతుంది అన్నారట.

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"సరే అన్నా, ముందు ఆయనకే చూడండి అన్నాను ఆంటీ. పాప స్కూల్‌కి వెళ్తోంది కదా. నాదేముంది, రెండు సూట్‌కేసులు."

వాడికి ఇంకొంచెం పప్పు వేశాను. కోటయ్య గారు చేసింది న్యాయమేనని నాకూ అనిపించింది.

కోటయ్య గారు అడిగితే దేవకుమార్ రెజ్యూమె పంపాడు. అందులో ఇప్పటి కంపెనీలోనే పని చేస్తున్నట్టు ఉంది. లేఆఫ్ అయినవాళ్ళు కూడా అలాగే పెట్టుకుంటారని కోటయ్య గారు పట్టించుకోలేదు. టై కట్టుకుని వీడియోలో ఇంటర్వ్యూ ఇచ్చాడు. ఆఫర్ వచ్చింది. ఇంక ఎగిరి గంతేస్తాడనుకున్నాం. "దేవుని చిత్తం కోసం కనిపెట్టుకుని ఉన్నాను అన్నా, కొంచెం టైమ్ ఇవ్వండి" అన్నాడు. ఎంత భక్తి, ఎంత నిదానం అని మేం మెచ్చుకున్నాం. కంపెనీవాళ్ళకి అంత నిదానం లేదు. రెండు వారాలు చూసి, పైనుంచి ఆర్డరు వచ్చిందని కొత్త నియామకాలన్నీ ఆపేశారు. ఆ ఖాళీ మూసుకుపోయింది. కోటయ్య గారు దేవకుమార్‌ని తలుచుకుని ఎంత బాధపడ్డారో.

మార్చి చివర్లో కూటం మా ఇంట్లో జరిగింది. పాటలయ్యాక దేవకుమార్, దేవుడు తనకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలని లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"రెండు నెలల కింద నేను చెప్పుకోలేని మనవి ఒకటి పెట్టాను. మీరందరూ ఉపవాసాలున్నారు. దేవుడు ఆలకించాడు. పోయిందనుకున్నదంతా నాకు తిరిగి వచ్చింది."

ఇల్లు దద్దరిల్లేలా స్తోత్రం అన్నాం. కోటయ్య గారు లేచి కౌగిలించుకున్నారు. "ఏ కంపెనీ బ్రదర్? లోకలేనా?"

"కంపెనీ మారలేదన్నా. నా జాబ్ నాకుంది కదా."

"అదేంటి, మరి లేఆఫ్?"

"నాకు లేఆఫ్ అని నేనెప్పుడన్నాను?"

నిజమే, ఒక్కసారి కూడా అనలేదు. ఇల్లు నాది కాబట్టి నేనే అడిగాను. "మరి పోయిందేమిటి బాబూ? తిరిగొచ్చిందేమిటి?"

సిగ్గుపడతాడేమో అనుకున్నాను. లేదు, ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్ళ విద్యలు, సున్నా చేస్తామన్న ప్రకటన, పాత ఆటగాళ్ళందరూ కలిసి పెట్టిన పిటిషన్. చివరికి కంపెనీవాళ్ళు దిగొచ్చి, పాత ద్వీపాన్ని విడిగా ఉంచుతామన్నారట. అక్కడ వీళ్ళ విద్యలన్నీ వందకి వందా అలాగే ఉంటాయి. కొత్తవాళ్ళకి ఇంకో ద్వీపం.

అంటే నా షుగరు, నా గోంగూర, చర్చి మొత్తం కార్చిన కన్నీళ్ళు, అన్నీ ఈయన గారి చేపలు పట్టే విద్య కోసం. నా ఒళ్ళు మండిపోయింది.

"కొత్తవాళ్ళు మీ ద్వీపంలోకి రారా?" అన్నాను.

"రారు ఆంటీ."

"మరి నువ్వు గుమ్మంలో నిలబడితే చూసేదెవరు?"

ఆ సంగతి అతనికి అంతవరకూ తట్టలేదు కాబోలు. ఆ సాయంత్రం మొత్తంలో అతని మొహం వాడింది అప్పుడొక్కసారే.

కోటయ్య గారు కుర్చీలో కూలబడ్డారు. "అయితే మా ఇంటర్వ్యూకి ఎందుకొచ్చావయ్యా?"

"మీరే పిలిచారు కదన్నా. అందరూ అంత ప్రేమగా చేస్తుంటే కాదనడం బాగుండదు కదా. పైగా అప్పుడు నా మనసేం బాలేదు. సున్నా అయిపోతున్నానన్న ఫీలింగ్. మార్కెట్‌లో నా వేల్యూ ఎంతో చూసుకుంటే కొంచెం ధైర్యం వస్తుందనిపించింది."

పర్సిస్ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గోడవార కూర్చున్న జోనాథన్ వైపు చూడడానికి మాలో ఎవరికీ మొహం చెల్లలేదు. వాడే మాట్లాడాడు. గొంతు హెచ్చించలేదు.

"అన్నా, ఆ జాబ్ మీకు అక్కర్లేదని నాకొక్క మెసేజ్ పెట్టుంటే సరిపోయేది."

దేవకుమార్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు అడగలేదు కదా తమ్ముడూ! అడిగితే చెప్పేవాణ్ణే."

పాస్టరు గారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత ఏం చెయ్యాలో తోచక, అలవాటు ప్రకారం, ఇంకెవరికైనా మనవులున్నాయా అని అడిగారు.

"నాకేం లేవండి" అన్నాడు జోనాథన్. "సిక్స్టీ డేస్ అయిపోయాయి. ఆదివారం ఫ్లైట్."

అప్పుడు దేవకుమార్ మళ్ళీ లేచాడు. "తమ్ముడి ప్రయాణం కోసం నేను ప్రార్థన చేస్తాను" అని చేతులు చాపి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. బాగా చేశాడు, అబద్ధమెందుకు. విమానం కోసం, దారి కోసం, అక్కడ తలుపులు తెరుచుకోవడం కోసం, ఒకటీ మర్చిపోకుండా, మధ్యలో గొంతు వణికిస్తూ చేశాడు. ఆమేన్ అన్నాడు. ఒక్కరూ పలకలేదు. కళ్ళు తెరిచి చూసేసరికి మేమందరం కళ్ళు తెరుచుకునే ఉన్నాం, అతన్నే చూస్తున్నాం.