కాకి వాలిన కాసులపేరు

మా అమ్మ మెడ మా నాన్న వ్యాపారానికి అద్దాల బీరువా. షెడ్డులో ఏ కొత్త రకం తయారైనా ముందు ఆ మెడలోకి ఎక్కాల్సిందే. నీళ్ళ కుళాయి దగ్గరో గుళ్ళోనో ఎవరైనా ఆడవాళ్ళు "ఎంత బాగుండాదో!" అని దగ్గరికొస్తే, అమ్మ ఆ నగ దొరికే అంగడి సందు గుర్తులు చెప్పి పంపేది. గిల్టు నగలు చేసే ఇళ్ళలో అది ఆచారం. ఇంటావిడ ఒళ్ళు ఇంటావిడది కాదు, సరుకుది.

యాభైల మొదట్లో మద్రాసు తొండియార్‌పేటలో, మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆ పని జరిగేది. రాగి తీగె, ఇత్తడి రేకు లోపలికొచ్చి, హారాలూ జుంకాలూ అయి, బంగారు నీళ్ళలో మునిగి, సౌకార్‌పేట అంగళ్ళకు బయల్దేరేవి. నలుగురైదుగురు ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని రాళ్ళు అతికేవాళ్ళు. మా నాన్న యజమాని అన్న మాటేగాని, ఆయన చొక్కాకీ మిగతావాళ్ళ చీరలకీ ఒకే రంగు మరకలు.

ఒళ్ళంతా తళతళలాడే మా అమ్మకు అసలు బంగారం ఒక్కటే ఉండేది. వాళ్ళమ్మ ఇచ్చిన కాసులపేరు. అది పెట్టెలోనే ఉండేది, ఎప్పుడో గాని బయటికి రాదు. ఒకసారి పెరంబూరులో మా మేనమామ ఇంట్లో ఏదో శుభకార్యానికి వేసుకుపోయింది. మా అత్త చేతి గాజులు తిప్పుకుంటా వచ్చి, కాసుల్ని వేలితో ఎత్తి చూసి, "వదినా, మా అన్నయ్య పనితనమే పనితనం! అచ్చం బంగారంలానే దించినాడే!" అంది. అమ్మ "ఇది బంగారమే వదినా" అంటే, "ఆమా ఆమా, నేను కాదన్నానా" అని నవ్వింది. ఆ నవ్వు మా అమ్మకు చేపముల్లు గుచ్చుకున్నట్టు గొంతులోనే ఉండిపోయింది. వాళ్ళమ్మ మెడలోంచి వచ్చిన వస్తువుని, వాళ్ళన్న ఇంట్లోనే గిల్టన్నారు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆ ఇంట్లో ఆ నగని బంగారమనిపించుకోవాలి. అదీ అమ్మ కోరిక. అంతకుమించి మా అమ్మ ఈ లోకాన్ని ఏమీ అడగలేదు.

ఇంతలో మా నాన్నకు రూల్సు పిచ్చి పట్టింది.

రేవులో దిగిన గాజురాళ్ళ పెట్టెలో మెత్తకోసం కుక్కిన పాత ఇంగ్లీషు కాగితాలు వచ్చాయి. ఆయన వాటిని ఇస్త్రీ చేసినంత పని చేసి, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాడు. మా నాన్న ఇంగ్లీషు ఎంతటిదో ఆ డిక్షనరీకే తెలుసు. ఆయనకు అర్థమైనంతలో, వెనకటికి అమెరికాలో పనుల్లేక జనం వీధిన పడ్డ రోజుల్లో, ఆడ మనలాంటి ఉత్తుత్తి నగలు చేసేవాళ్ళంతా కూడి రూల్సు రాసుకున్నారట. పనివాళ్ళతో ఇన్ని గంటలే చేయించాలి. ఒకరి డిజైను ఒకరు దొంగిలించకూడదు. గిల్టును బంగారమని అమ్మకూడదు.

"దొరలు గూడా గిల్టు చేస్తారంటనే!" అని అమ్మతో అన్నాడు. ఆయన మొహంలో తప్పిపోయిన చుట్టం దొరికిన సంతోషం.

మాకూ అప్పుడు మంచిరోజులేం కావు. అంగళ్ళలో బేరాలు పడిపోయాయి. అమ్ముడుపోవాలని ఒకరి మీద ఒకరు ధర తగ్గించేవాళ్ళు, ఆ తగ్గింపుని పనివాళ్ళ మీద రుద్దేవాళ్ళు. దీపం బుడ్ల కింద ఆడవాళ్ళ కళ్ళు పోయేవి. కొందరు పల్లెటూరివాళ్ళకు గిల్టునే బంగారమని అంటగట్టేవాళ్ళు. మా నాన్న సౌకార్‌పేటంతా తిరిగి, తెలుగువాళ్ళనీ అరవవాళ్ళనీ మార్వాడీ సేట్లనీ కూడేసి సంఘం పెట్టించాడు. తనే కార్యదర్శి. ఎందుకంటే ఇంకెవరూ ఒప్పుకోలేదు.

గంటల సంగతి సులభంగానే తేలింది. పొద్దు గూకకముందే గంట కొట్టాలి, ఆడవాళ్ళని ఇళ్ళకు పంపాలి. గిల్టు నగ కొక్కెం మీద గుర్తు కొట్టాలన్నప్పుడు మాత్రం అసలు యుద్ధం మొదలైంది. ఏ అక్షరం? తెలుగా, అరవమా, హిందీయా? మద్రాసు ఎవరిదన్న తగవు బయట ఎట్లా ఉండిందో, కొక్కెం ఎవరిదన్న తగవు సంఘంలో అట్లా ఉండింది. చివరకు ఎవరో పెద్దాయన అక్షరాలొద్దు, కాకి బొమ్మ వేద్దామన్నాడు. మనం కాకి బంగారం అంటాం, వాళ్ళు కాక్కాపొన్ను అంటారు. ఊరు దగ్గర కుదరని రాజీ కాకి దగ్గర కుదిరింది. చదువురానివాళ్ళకూ తెలుస్తుంది గదా అని సేట్లూ సరేనన్నారు. అచ్చు చెక్కినవాడు కాకిని ఎంత బాగా చెక్కాడంటే, కొన్నవాళ్ళలో సగంమంది చిలకనుకుని సంతోషించారు.

మా నాన్న రూలు మీద రూలు పేర్చాడు. కాకి ముద్ర పడకుండా ఏ నగా గడప దాటకూడదు. పడిన ముద్రను ఎవరూ చెరపకూడదు. తప్పుచేసిన అంగడి పేరు, చేసిన తప్పూ సంఘం వాకిట నల్లబోర్డు మీద వారంపాటు ఉండాలి. ఒకాయన కాకిని ఆకురాయితో గీకేసి, ఇంకోసారి కొక్కెమే మార్చేసి బంగారమని అమ్మాడు. మా నాన్న "కొక్కెం మార్చినా చెరిపినట్టే" అని కొత్త రూలు రాసి, ఆయన పేరు బోర్డెక్కించాడు. ఆయన బతిమాలాడు, వాళ్ళావిడ మా ఇంటికొచ్చి ఏడ్చింది. నాన్న కదల్లేదు. నాకైతే ఆ రోజు నాన్న మీద అసహ్యమే వేసింది.

ఈ రూల్సన్నిటికీ సంఘం బయట ఒకే ఒక్క భక్తురాలు, మా అమ్మ. ఆమె లెక్క ఆమెది. గిల్టు మీదంతా కాకి ఉంటే, కాకి లేనిదంతా బంగారమే గదా! ఇంక మా అత్తతో వాదించే పనే లేదు. కొక్కెం తిప్పి చూపిస్తే చాలు. కాబట్టి మేనమామ కూతురి పెళ్ళి కుదిరిందన్న కబురు రాగానే అమ్మ తేల్చేసింది. ఈసారి గిల్టు ఒక్కటి గూడా వేసుకోదు. ఒక్క కాసులపేరు.

"మరి కొత్త రకం హారం?" అన్నాడు నాన్న.

"దాన్ని మీరేసుకోండి" అంది అమ్మ.

పెళ్ళి ముందురోజు కాసులపేరుని పెట్టెలోంచి తీసి, కుంకుడు రసంలో వేసి తోమమని షెడ్డులోకి పంపింది. ముద్ర కొట్టే పని ఒక పెద్దావిడది. రేవు పక్క గుడిసెల్లోంచి వచ్చేది, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమెకు రూలంటే రూలే. కాకి అచ్చుని నడుముకు కట్టుకుని తిరిగేది. ఒకసారి నా జడపిన్ను పొరపాటున పళ్ళెంలో పడితే దానిమీద కూడా కాకిని కొట్టేసింది. మా నాన్న కోప్పడతాడనుకుంటే, "అట్లుండాల పనంటే!" అని మెచ్చుకున్నాడు. దాంతో ఆమెకు ఇంకా ఊపొచ్చింది.

ఆ సాయంత్రం కాసులపేరు తోమి, తుడిచి, ముద్రకు పెట్టిన నగల పళ్ళెంలోనే పెట్టారు. గంట కొట్టే వేళయింది. గంట కొడితే ఎవరూ చెయ్యి కదపకూడదు, ముద్రలేందే పళ్ళెం గడప దాటకూడదు. పెద్దమ్మ గబగబా వరసగా కొట్టుకుంటూ పోయింది. టక్, టక్, టక్. అమ్మ తలుపు దగ్గరికొచ్చేసరికి వాళ్ళమ్మ కాసులపేరు కొక్కెం మీద కాకి రెక్కలు ముడుచుకుని కూర్చునుంది.

అమ్మ వేసిన కేకకు నిజం కాకులు లేచిపోయాయి.

పెద్దమ్మ అచ్చు చేతిలోనే పట్టుకుని నాన్న వైపు తిరిగింది. "మొదలాళీ, నువ్వే గదా చెప్పినావు, ఏదీ ఇడవొద్దని" అంది. నాన్న "నీ తప్పేం లేదు తల్లీ, గంట కొట్టినారు, ఇంటికి పో" అన్నాడు. ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు. కొక్కెం వైపు చూశాడు. మళ్ళీ ఆకురాయి కింద పెట్టేశాడు.

మామూలు రోజుల్లో మా అమ్మ ఆయన్ని "ఏమండీ" అనేది. కోపమొస్తే "ఏమయ్యా".

"ఏమయ్యా, గీకవా?"

"రూలుండాది గదా."

"పోనీ కొక్కెం మార్చు."

"దానికి గూడా ఉండాది."

"నా బంగారానికి గూడానా నీ రూలు?"

"ముద్రకు బంగారమని, గిల్టని తెలీదు గదే. నేనే గీకితే, రేపు ఆ బోర్డెక్కిన మనిషి మొహం ఎట్ల చూసేది?"

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. మాట్లాడితే బాగుండేది. ఆ రాత్రి అన్నం గిన్నెలు మాత్రం చాలా మాట్లాడాయి.

పెళ్ళికి ఏమీ వేసుకోకుండా పోతుందనుకున్నాను. మా అమ్మ మొండితనం నాకప్పటికి పూర్తిగా తెలీదు. కాసులపేరే వేసుకుంది. కొక్కెం జడ కిందికి తోసి, పైన పూలు దండిగా పెట్టుకుంది. పందిట్లో భోజనాల దాకా అంతా బాగానే జరిగింది. అప్పుడు మా అత్త వడ్డన చూసుకుంటా వచ్చి, అమ్మ వెనక నిలబడి, "పూలు జారిపోతాండాయి వదినా" అని జడ సర్దింది. సర్దిన చెయ్యి ఊరుకుంటుందా?

"అయ్యో, కాకి వాలుండాదే!" అంది.

పంక్తిలో అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కూడా కాదు, పెళ్ళింటి నవ్వు. మా అమ్మ తల ఎత్తలేదు. విస్తట్లో పప్పన్నం మీద వేలితో గీతలు గీస్తా ఉండిపోయింది. అమ్మ కళ్ళలో నీళ్ళు నేను అంతకుముందు చూడలేదు. ఎదుటి పంక్తిలో ఉన్న నాన్న వైపు చూసి, ఈ మనిషి ఇప్పుడైనా నోరు తెరవకపోతే జన్మలో మాట్లాడగూడదని నిర్ణయించుకున్నాను.

నాన్న ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. పంక్తి మధ్యలో లేవడం తప్పని ఎవరో అంటున్నారు.

"అది బంగారమమ్మా" అన్నాడు మా అత్తతో. "వాళ్ళమ్మది. ముద్ర తప్పు. ఆ తప్పు నాది."

"అదేంది అన్నయ్యా, కాకి అబద్ధం చెప్పదని మీరే గదా ఊరంతా చెప్తారు!"

"ఈసారి చెప్పింది. రేపు సౌకార్‌పేటకొస్తే బోర్డు మీద సూడొచ్చు."

పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నాడని జనం ఇంకాస్త నవ్వారు. మా మేనమామ మాత్రం నవ్వలేదు. ఆయనకు తన బావ సంగతి తెలుసు.

మర్నాడు పొద్దున్నే నాన్న సుద్దముక్క తీసుకుని సంఘానికి పోయాడు. బోర్డు తుడిచి, పైన అంగడి పేరు రాసే చోట తన షెడ్డు పేరు రాశాడు. కింద తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి: "వీరు యజమాని భార్యకు చెందిన అసలు బంగారు కాసులపేరు మీద గిల్టు ముద్ర వేసినారు." పెద్దమ్మ ఊసే లేదు. కార్యదర్శి తన పేరే రాసుకున్నాడన్న కబురు అంగళ్ళన్నీ దాటింది. సేట్లు వచ్చి చూసి తలలూపారు. వెనకటికి బోర్డెక్కిన మనిషి వచ్చి, చాలాసేపు చూసి, నాన్నకు సోడా కొట్టించాడట.

ఇంటికొచ్చి నాన్న ఈ సంగతి చెప్తే, అమ్మ వినీ విననట్టు బియ్యం ఏరుకుంటా కూర్చుంది. సాయంత్రం మాత్రం నన్ను లేవదీసి, పట్టుచీర కట్టుకుని, కాసులపేరు వేసుకుని, "పద, సౌకార్‌పేటలో పనుండాది" అంది. ఆమెకు చదువు రాదు. బోర్డు ముందు నిలబడి "చదువు" అంది. చదివాను. "గట్టిగా." గట్టిగా చదివాను. దారిన పోయేవాళ్ళు ఆగి బోర్డునీ ఆమె మెడనీ మార్చి మార్చి చూశారు. "అసలు బంగారు అని రాసుండాదా? యాడ?" అంది. చూపించాను. ఆ మాట మీద వేలు పెట్టబోయి, సుద్ద చెరిగిపోతుందని వెనక్కి తీసుకుంది.

ఆ వారంలో ఇంచుమించు రోజూ సౌకార్‌పేటలో పనుండింది. ఒకరోజు మా మేనమామ మా అత్తని వెంటబెట్టుకొచ్చి బోర్డు చూపించాడని తెలిసింది. అత్త ఏమందో ఎవరూ చెప్పలేదు. అమ్మ అడగలేదు కూడా.

వారం అయిపోయిన సాయంత్రం నాన్న తడిగుడ్డ తీసుకుని సంఘానికి బయల్దేరాడు. అమ్మా నేనూ అప్పటికే ఆడ ఉన్నాం, ఏదో కొనే వంకతో. ఆయన మమ్మల్ని చూశాడు. అమ్మ బోర్డు వైపు ఒకసారి చూసింది.

రూలు ప్రకారం ఆ రోజుతో సరి. రూలు ప్రకారం ఆకురాయి కిందపెట్టిన మనిషి, రూలు ప్రకారం ఒక ఆడమనిషి ఏడుపుకి కరగని మనిషి, గుడ్డ చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఆ తడిగుడ్డని పిండి భుజాన వేసుకున్నాడు.

"రేపు సూద్దాం" అన్నాడు.

ఆ రేపు, మద్రాసులో వానలు పట్టి బోర్డుని వాటంతట అవే కడిగేదాకా రాలేదు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే, మేమిద్దరం ముందు, ఆయన వెనక. చాలా దూరం వచ్చాక అమ్మ వెనక్కి తిరిగి, "ఏమండీ, తడిగుడ్డ భుజాన పెట్టుకోబాకండి, జలుబు చేస్తాది" అంది.