అత్తయ్యకు పెట్టిన రేడియం

సీసపు పెట్టెను చక్రాల బండి మీద ఆపరేషన్ గదిలోకి తోసుకెళ్లారు. అందులోని రేడియం గొట్టాలు ఒక్కొక్కటీ అగ్గిపుల్లలో సగం ఉంటాయని డాక్టరమ్మ ముందురోజే చెప్పింది. పెట్టెను మాత్రం ఇద్దరు మనుషులు ఎత్తలేక ఎత్తారు. గంట తర్వాత మా మేనత్తను మూల గదికి తెచ్చారు. ఆ గొట్టాలు ఇప్పుడు ఆవిడ గర్భసంచి ముఖద్వారం దగ్గర, క్యాన్సర్ కణితికి ఆనుకొని ఉన్నాయి. మూడు రోజులు కదలకూడదు. గుమ్మం ముందు సుద్దతో గీత గీసి, రేడియం కిరణాలు తగులుతాయి, దాటొద్దన్నారు.

అది మద్రాసు. అరవైల మొదటి సంవత్సరాలు. నేనక్కడ ఒక దినపత్రికలో పనిచేస్తుండబట్టి ఆవిడను నా దగ్గరికి పంపారు.

అత్తయ్య వాళ్లది ఆగిరిపల్లి దగ్గర మామిడితోట. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఆవిడే ఆవకాయ కలపాలని కాచుకునేవాళ్లు. నెలసరి ఆగిపోయిన నాలుగేళ్లకు, ఆ వేసవిలో మళ్లీ రక్తం కనిపించింది. మా ఇళ్లలో ఏ ఆడమనిషైనా చేసే పనే ఆవిడా చేసింది. జాడీల జోలికి పోకుండా మూడు రోజులు వెనక వసారాలో కూర్చుంది.

"మా అక్కకి వయసు వెనక్కొచ్చింది" అని తోడికోడలు ఆటపట్టిస్తే అత్తయ్య కూడా నవ్వింది.

నూజివీడులో పనిచేసే నర్సమ్మ ఒకరోజు ముక్కలు కొట్టించుకొని, కలిపిపెట్టమని వచ్చింది.

"ఇవాళ కుదరదండీ. దూరంగా ఉన్నాను."

"మీకా? ఆగిపోయిందన్నారుగా?"

"మళ్లీ మొదలైంది. ఈ వేసవిలో ఇది మూడోసారి."

నర్సమ్మ గిన్నె కింద పెట్టేసింది. "ముక్కలు పాడైతే పోనీండి. రేపు పొద్దున బస్సుకి మీరు నాతో రావాలి."

జాడీ ముట్టకూడదన్న పట్టింపు లేకపోతే ఆ సంగతి ఇంకెన్నాళ్లకు బయటపడేదో. జబ్బు ఇంకా పక్కలకు పాకలేదని, రేడియానికి లొంగితే బతుకుతుందని మద్రాసు డాక్టరమ్మ చెప్పింది.

రాతిలోంచి తీసిన లోహం. మంట లేదు, చప్పుడు లేదు. గీత ఇవతల నిలబడి ఆ గదివంక ఎంతసేపు చూసినా, లోపల ఏదో జరుగుతున్న జాడే తెలియలేదు.

"నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"నొప్పేం లేదురా. ఇక్కడా దూరంగానే పెట్టారు నన్ను. ఈసారి ముట్టుకుంటే స్నానం చేసినా పోదంట."

రెండు నెలల తర్వాత పరీక్ష చేసిన డాక్టరమ్మ, కణితి ఉన్నచోట చేతికి ఏమీ తగలడం లేదంది. వందల మందికి ఈ వైద్యం చేసిన మనిషి, చేతులు కడుక్కొచ్చి మళ్లీ ఒకసారి పరీక్ష చేసింది.

పక్క గదిలో తెనాలి వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. అదే వయసు, అదే దశ, అన్నే గంటల రేడియం. ఏడాది తిరక్కుండా ఆవిడకు జబ్బు మళ్లీ వచ్చింది, చనిపోయింది. అత్తయ్య మరో పద్దెనిమిది వేసవులు ఆవకాయ కలిపింది.

తెనాలి ఆవిడ పోయిందని తెలిశాక, ఎందుకిలా అని డాక్టరమ్మను అడిగాను.

"తెలిస్తే ఇద్దర్నీ ఇంటికి పంపేదాన్ని కదా" అంది.

ఆ జబ్బుకు ఒక వైరస్ మూలమని తర్వాత తేలింది, టీకా కూడా వచ్చింది. ఒకే దశలో ఒకే చికిత్స పొందిన ఇద్దరిలో ఎవరికి అది తిరగబెడుతుందో ముందే కచ్చితంగా చెప్పగల పరీక్ష ఈరోజుకీ లేదు.