పడమటి గట్టు బత్తాయి చెట్లు

తిరుమలగిరి దగ్గర బాలనర్సమ్మకు మూడెకరాల బత్తాయి తోట ఉండేది. తనూ భర్త రామచంద్రమూ కలిసి నాటిన తోట అది. మొదటి రెండు వేసవులు బిందెలతో నీళ్లు మోసి ఆ మొక్కల్ని బతికించిందామె. 2019లో తోటకు వేరుకుళ్లు సోకింది. ముందు ఒక కొమ్మ ఎండేది, ఆకు రాలేది, కాయలు చెట్టుమీదే వడలిపోయేవి. రెండేళ్లకు మూడు వందల చెట్లలో పడమటి గట్టు వెంబడి పదకొండు మాత్రమే పచ్చగా మిగిలాయి. రామచంద్రానికి మనసు విరిగింది. మిర్యాలగూడ రైసుమిల్లులో వాచ్‌మన్‌గా చేరిపోయాడు. ఆమె మాత్రం తోట వదల్లేదు.

ఆ పదకొండు చెట్ల సంగతి విని శ్రీవాణి వచ్చింది. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. వేర్లకు అంటిన మట్టిని చిన్న గొట్టాల్లోకి తీసి, పొగలు కక్కుతున్న చల్లని డబ్బాలో ముంచింది.

"అట్ల ముంచుడెందుకు బిడ్డా?"

"మట్టిల కండ్లకు కనబడని జీవులు వేలకు వేలు ఉంటయమ్మా. అవి ఏం తింటున్నయో, ఏం వదులుతున్నయో ఆ రసాయనాలన్నీ మిషన్ల చూస్తం. దీన్ని మెటబొలోమిక్స్ అంటరు. గడ్డకట్టియ్యకపోతే నేను తీస్కపోయే తొవ్వల గూడ తింటనే ఉంటయి, లెక్క తప్పుతది."

రెండుసార్లు మట్టి తీసుకెళ్లాక శ్రీవాణి ఫోన్ చేసింది. పచ్చని చెట్ల వేర్ల దగ్గర రోగాన్ని ఆపే రసాయనాలేవో దొరికాయట. ఒక్క జీవి చేసే పని కాదట, నాలుగైదు కలిసి చేస్తున్నాయట. ఇంకోసారి చూస్తే అవేవో తేలుతుందట. బాలనర్సమ్మ ఆ రోజు గట్టు మీద చాలాసేపు కూర్చుంది. తన మట్టిలో అంత బలముందని ఇన్నేళ్లకు తెలిసింది.

పది రోజులకు ఒక చెట్టుకు ఆకులు పసుపుబారాయి. ఆమె పురుగుమందుల దుకాణానికి పరుగెత్తి, దుకాణదారు ఇచ్చిన తెగులు మందు నీళ్లలో కలిపి పదకొండింటి మొదళ్లలోనూ పోసింది. శ్రీవాణికి చెప్పాలని తోచలేదు. చెట్టుకు రోగమొస్తే మందు పోయడం ఎవరినైనా అడగాల్సిన విషయమా?

మూడోసారి తీసిన మట్టి ఫలితం పట్టుకుని శ్రీవాణి తోటకే వచ్చింది.

"అమ్మా, ఈ నడుమ చెట్లకు ఏమన్న పోసిండ్రా?"

"తెగులు మందు పోసిన. ఆకు పసుపువడ్డది, బయమైంది."

శ్రీవాణి ఒక కొమ్మ వంచి చూసింది. "రోగం వస్తే ముందు కొమ్మ ఎండుతది గదమ్మా. ఒట్టి ఆకులు పసుపుబడుడు నీళ్లు తక్కువైతే గూడ అయితది. మందు పోయొద్దని నేనన్న చెప్పాల్సింది. చెప్పలే. ఆ మందుకు రోగాన్ని ఆపే జీవులు గూడ సచ్చినయి, ఆ రసాయనాలు ఇప్పుడు ఒక్కటి గూడ దొరుకుతలేవు."

"ముందుగాల తీసిన మట్టి నీ కాడ ఉన్నది గద? గది తెచ్చి వేర్లకాడ పొయ్యి బిడ్డా."

"గడ్డకట్టినంక అండ్ల ఏదీ బతికి లేదమ్మా. అవి ఏం చేసినయో కాయిదం మీద ఉన్నది. అంతే."

వేసవి ముగిసేలోగా వేరుకుళ్లు సోకి తొమ్మిది చెట్లు ఎండిపోయాయి. మిగిలిన రెండూ కాయలు నిలుపుకోలేదు. రామచంద్రం వచ్చి జేసీబీ పిలిపించాడు. మొదళ్లు లేస్తుంటే ఆమె అతనితో చెప్పింది, "నేనే సంపిన."

"ఊరంతా పోసిన మందేనాయె," అన్నాడతను, ఆమెవైపు చూడకుండా.

ఆ వానాకాలం పత్తి గింజలు పెట్టారు. పక్క చేను పరమేష్ తన తోటలో పచ్చగా ఉన్న నాలుగు చెట్లకు అదే మందు కలుపుతుంటే ఆమె గట్టు దిగి వెళ్లింది.

"పోయకు పరమేషూ. చెట్టును కాపాడేటియి గూడ సస్తయి."

"పిన్నీ, రోగమొచ్చి నీ తోట ఏమైందో నాకెరుక లేదా," అని అతను బకెట్ ఎత్తాడు.